బోనులో ఆడిన మా అన్న

మా అన్న బెనెదిక్తాస్ జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తలేదు. చిన్నప్పుడు పండక్కి కోడిని కోసుకు రమ్మంటే, కత్తి తెచ్చి అమ్మ చేతిలో పెట్టేసి కొట్టం వెనక్కి పోయి కూర్చునేవాడు. అలాంటివాణ్ణి పట్టుకుని మా బొగ్గుగనుల ఊరు కార్బెట్‌లో పేపరువాడు 'బెన్ రౌడీ' అని అచ్చేసి వదిలాడు. మా ఇంటిపేరు రౌదిస్. లిథువేనియాలో మా తాతల నాటి నుంచీ ఉన్న పరువైన పేరే. ఇక్కడి ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడేసరికి అలా తయారైంది.

"దిద్దమని చెప్పరా, మనకి పరువు తక్కువ కాదూ?" అంది అమ్మ.

"చెప్పానే. రౌదిస్ అంటే టిక్కెట్లు అమ్ముడుపోవట, రౌడీ అంటే పోతాయట," అన్నాడు అన్న నవ్వుతూ. అప్పటికింకా నవ్వేవాడు.

కార్బెట్‌లో మగపిల్లాడు నడక నేర్చేది గనికేసే. మా నాన్న కాస్పరాస్ ఓడ దిగిన వారమే లోపలికి దిగాడు. అన్న కూడా పాలపళ్ళు పూర్తిగా ఊడకముందే, బొగ్గులోంచి రాళ్ళు ఏరే షెడ్డులో కూర్చున్నాడు. కింద జారిపోయే బొగ్గులో చేతులు పెట్టి రాళ్ళు తీసి అవతల పారెయ్యాలి. చేతికి తొడుగు వేసుకుంటే ఫోర్‌మన్ కర్రతో కొట్టేవాడు, తొడుగుంటే రాయేదో బొగ్గేదో వేళ్ళకి తెలియదని. ఆ తర్వాత లోపల కంచరగాడిదలు తోలే పని ఇచ్చారు. ఆ పని వాడికి ఇష్టమే. గాడిదలు కూడా వాడి మాట వినేవి. తిట్టకుండా తోలేవాడు గని మొత్తం మీద వాడొక్కడే అనేవాళ్ళు.

బాస్కెట్‌బాల్ ఆట చర్చిలో మొదలైంది. మా ఫాదర్ సిమోనాస్ కుర్రవాడు. మగపిల్లలు సారాకొట్ల చుట్టూ తిరక్కుండా ఉంటారని చర్చి కింది గదిలో రెండువైపులా ఇనప రింగులు కొట్టించాడు. ఆ గది కప్పు మరీ కిందకి ఉండేది. బంతిని పైకి విసిరితే ఆవిరి గొట్టాలకి తగిలేది. అందుకని అన్న బంతిని రెండు చేతులతో మోకాళ్ళ దగ్గర పట్టుకుని, కాస్త వంగి, ఊయల ఊపినట్టు ఊపి మెల్లగా వదిలేవాడు. అది గొట్టం కింద నుంచి జారిపోయి రింగులో పడేది. చూసేవాళ్ళకి ఏదో ముసలమ్మ గంపలోంచి ధాన్యం వంపుతున్నట్టు ఉండేది. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వేలోగా ఇంకోటి పడేది.

పరిగెత్తడంలో వాడు మందకొడి. ఎగరడం అసలు రాదు. ఒకడి చేతిలోంచి బంతి లాక్కోవాలంటే మొహమాటం. కానీ గీత మీద నిలబెట్టి బంతిచ్చి, ఎవరూ అడ్డం రాకుండా వదిలేస్తే మాత్రం గురి తప్పేవాడు కాదు.

ఆ రోజుల్లో ఆట రూలు అదృష్టం కొద్దీ వాడికోసమే పెట్టినట్టు ఉండేది. ఎదుటివాళ్ళు తోసో కొట్టో ఫౌల్ చేస్తే, గీత మీద నిలబడి వేసే ఫ్రీ త్రో దెబ్బ తిన్నవాడే వెయ్యాలని లేదు. జట్టులో ఎవరైనా వెయ్యొచ్చు. ప్రతి జట్టూ ఆ పనికోసమే ఒకణ్ణి ఉంచుకునేది. కార్నీ గాఫ్నీ అనే ఐరిష్ ఆయనకి అలాంటివాడొకడు కావలసి వచ్చాడు. గాఫ్నీకి మెయిన్ వీధిలో సారాకొట్టు ఉండేది. మద్యం నిషేధం వచ్చాక అది మూసి, మేడ మీది హాల్లో శనివారం సాయంత్రాలు డ్యాన్సులు పెట్టేవాడు. డ్యాన్సుకి ముందు టిక్కెట్టు పెట్టి బాస్కెట్‌బాల్ ఆడించేవాడు. ఐరిష్ చర్చి కుర్రాళ్ళతో మావాళ్ళు ఆడుతుంటే వచ్చి చూసి, మర్నాడే మా ఇంటికి వచ్చాడు.

వంటింట్లో బల్ల ముందు కూర్చుని టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. అమ్మ క్యాబేజీ సూపు పోసింది. ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే నేను అమ్మకి మా భాషలో చెప్పాను. నేనప్పటికే చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేదాన్ని, ఇంగ్లీషు బాగానే పట్టుబడింది.

"బంతి గంపలో వేస్తే జీతమిస్తాడా?" అంది అమ్మ. "నెలీ, సరిగ్గా విన్నావా? ఆయనకి ఒంట్లో బాగానే ఉందా?"

"ఇస్తాడట అమ్మా. గనిలో కంటే ఎక్కువే."

"ఏదో దొంగపని అయుంటుంది. సారా మోయిస్తాడేమో అడుగు."

అప్పటిదాకా పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని సీసాలోకి ఉమ్ముతున్న నాన్న తలెత్తాడు. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల నిండా బొగ్గు. రెండు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేవాడు. "గనిలోకి దిగక్కర్లేదా?" అని అడిగాడు.

"అక్కర్లేదు నాన్నా."

"అసలు దిగక్కర్లేదా?"

"అసలు అక్కర్లేదట."

నాన్న అన్న వైపు చూశాడు. "అయితే పోరా. ఆయన తోక తగిలించుకుని నాట్యం చెయ్యమన్నా చెయ్యి. పో."

మర్నాడు అన్న గాడిదలకి ఆపిల్ ముక్కలు పెట్టి వచ్చేశాడు.

మొదటి మ్యాచికి నేను, నా పక్క మిషను మీద కుట్టే అమ్మాయి కలిసి వెళ్ళాం. హాలు మధ్యలో నేల నుంచి కప్పుదాకా ఇనప తీగల వల. దాన్ని బోను అనేవాళ్ళు. ఆటగాళ్ళు లోపలికెళ్ళాక తలుపు గొళ్ళెం పెట్టేసేవాళ్ళు. బంతి బయటికి పోదు, ఆట ఆగదు. మనిషిని తీగల మీదికి తోసి నలిపెయ్యొచ్చు. తోసినవాడిది తప్పని చెప్పాలంటే రిఫరీకి గుండె ధైర్యం కావాలి. వల దగ్గర కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్ళు టోపీలకి పెట్టుకునే పొడుగాటి పిన్నులు తీసి, ఎదుటి ఊరి కుర్రాడు వలకి ఆనుకుంటే కాళ్ళ మీద పొడిచేవాళ్ళు. మా వీధిలో పూసల మాలతో జపం చేసుకునే పెద్దావిడ అలా పొడుస్తుంటే చూశాను. ఇంటికెళ్ళేటప్పుడు నన్ను చూసి ముద్దుగా పలకరించింది కూడా.

జట్టులో అందరికంటే పొడుగు ఐవర్ ప్రాసర్. వెల్ష్‌వాడు. అతనూ గనిలోంచి వచ్చినవాడే. భుజాలు తలుపంత ఉండేవి. బంతి పట్టుకుని సూటిగా మనుషుల్లోకి వెళ్ళిపోయేవాడు. ముగ్గురు మీద పడి మోచేతులతో పొడిచేవాళ్ళు, ఈల మోగేది, ఐవర్ లేచి నెత్తురు ఉమ్మి బంతి తెచ్చి మా అన్న చేతిలో పెట్టేవాడు.

"ఇందరా రౌడీ, నేను తిన్నాను, నువ్వు వెయ్యి."

అన్న గీత మీద నిలబడి, వంగి, ఊపి వదిలేవాడు. హాలంతా అరిచేది. వాడికి అదేమీ పట్టేది కాదు. చర్చి కింది గదిలో ఒంటరిగా ఉన్నట్టుండేవాడు.

ఆ మొదటి చలికాలం మా ఇంట్లో అందరం కాస్త ఊపిరి పీల్చుకున్నాం. అన్న కొత్త కోటు కుట్టించుకున్నాడు. దారిలో గనివాళ్ళు ఆగి చెయ్యి కలిపేవాళ్ళు. సోమవారం పేపరు రాగానే నాన్న నన్ను కూర్చోబెట్టి చదివించుకునేవాడు. ఇంగ్లీషు ఆయనకి సగమే తెలుసు, అయినా వాడి పేరు వచ్చిన చోట వేలు పెట్టి చూపించమనేవాడు. ఆ చోటుని చాలాసేపు చూసేవాడు. "రౌడీ," అనేవాడు దగ్గుతూ, నవ్వుతూ. "నా కొడుకు రౌడీ!"

అమ్మ ఒక్కతే నమ్మలేదు. అన్న చొక్కాలు నానబెడుతూ సణిగేది. "గనిలో ఉన్నప్పుడు బొగ్గు మరకలు, ఇప్పుడు నెత్తురు మరకలు. రెంట్లో ఏది వదిలించడం కష్టమో ఆ గాఫ్నీ గారిని వచ్చి ఉతికి చెప్పమను."

ఐవర్ ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు. భార్య గ్వెన్‌ని, చంటిదాన్ని కూడా తెచ్చేవాడు. అమ్మ బంగాళాదుంప అట్లు వేస్తుంటే పెనం మీదివి పెనం మీదే తినేసేవాడు. తేనె, నారింజ తొక్కలు వేసి కాచిన నాటుసారా మా అమ్మ చేతిది ఊళ్ళో పేరున్నది. బొయిలో అంటాం. అది తాగి ఐవర్ పాడేవాడు. వెల్ష్‌వాళ్ళకి పాట రాకపోవడమనేది ఉండదు కదా.

"అమ్మగారూ, మీవాడికి నేను అప్పున్నాను," అన్నాడొకసారి. "వాడు వెయ్యకపోతే నేను తిన్న దెబ్బలన్నీ ఉత్తినే పోయేవి."

"వాడికోసం నువ్వు దెబ్బలు తింటున్నావు, నువ్వు వాడికి అప్పేంటయ్యా?" అంది అమ్మ. నేను తర్జుమా చేశాను. గ్వెన్ నవ్వలేదు. ఆవిడ చూపు అతని కనుబొమ్మ మీది కుట్ల మీదే ఉంది.

రెండో చలికాలం చివర్లో నార్త్‌గేట్ ఊరివాళ్ళతో మ్యాచ్. చుట్టుపక్కల ఊళ్ళ జట్లన్నీ ఆడే లీగ్‌లో గెలిచినవాళ్ళదే ఆ ఏడు కప్పు. ఆ వారం అంతా బోనులో ఒక మూల తీగ తెగి లోపలికి వంగి ఉంది. ప్రాక్టీసులో అన్న చొక్కా దానికి పట్టుకుని చిరిగింది. వెళ్ళి గాఫ్నీకి చెప్పాడు.

"చూశానయ్యా," అన్నాడు గాఫ్నీ. "కమ్మరి వచ్చే వారం వస్తానన్నాడు. ఈలోపు ఆ మూలకి పోకండి."

బోనులో ఆడేవాడు ఏ మూలకి పోవాలో వాడి చేతిలో ఉంటుందా?

ఆ సాయంత్రం హాల్లో నిలబడ్డానికి చోటు లేదు. నేను వెనక బెంచీ ఎక్కి నిలబడ్డాను. ఆట అయిపోవచ్చింది, రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఐవర్ బంతి పట్టుకుని ఆ మూల నుంచే రింగుకేసి తిరిగాడు. నార్త్‌గేట్ వాడొకడు వెనక నుంచి రెండు చేతులతో తోశాడు. ఐవర్ మొహం వలకి కొట్టుకుంది. అంతకుముందు అలా వందసార్లు కొట్టుకుని ఉంటుంది. ఈసారి అతను వెనక్కి రాలేదు. తీగ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత అరిచాడు. గనిలో కప్పు కూలినప్పుడు మనుషులు అరవడం మా ఊళ్ళో అందరం విన్నాం. ఇది అలాంటి అరుపు.

ఈల మోగింది. గొళ్ళెం తీశారు. డాక్టరు, ఇంకో ఇద్దరు కలిసి అతన్ని తీగ నుంచి విడిపించి నేల మీద పడుకోబెట్టారు. ఎడమ కన్ను. ఇంతకంటే చెప్పలేను.

ఫౌల్ అయింది కాబట్టి ఫ్రీ త్రో ఉంది. రిఫరీ బంతి తెచ్చి అన్న చేతికిచ్చాడు. అన్న దాన్ని గాఫ్నీ వైపు చాపాడు.

"నేను వెయ్యనండీ."

గాఫ్నీ వల దగ్గరికి వచ్చి తీగల మీద వేళ్ళు పెట్టాడు. ఆయన మొహం కూడా పాలిపోయింది. అదైనా ఒప్పుకోవాలి.

"బెన్, వాడు కన్ను పోగొట్టుకుని తెచ్చాడురా అది. నువ్వు వెయ్యకపోతే ఎందుకు పోయినట్టు?"

అన్న గీత మీదికి వెళ్ళాడు. ఐవర్‌ని ఇంకా మోసుకుపోలేదు, డాక్టరు గుడ్డ నొక్కి పట్టుకుని ఉన్నాడు. అన్న వంగాడు, ఊపాడు, వదిలాడు. రింగు అంచుకి కూడా తగలకుండా పడింది.

ఆ తర్వాత జరిగింది నాకు ముక్కలుముక్కలుగా గుర్తుంది. మనుషులు బోనులోకి దూరి అన్నని భుజాల మీద ఎక్కించుకున్నారు. దిగుతానని వాడు వాళ్ళ తలల మీద చేతులు వేసి తోస్తున్నాడు. వాళ్ళు అది సంతోషం అనుకున్నారు. అవతల తలుపులోంచి ఐవర్‌ని బల్ల మీద దించుకుపోతున్నారు. ఆ మూలలో ఎవడో రంపపు పొట్టు చల్లాడు. వల చుట్టి పైకి కట్టేశారు. బ్యాండువాళ్ళు వచ్చి కూర్చున్నారు. డ్యాన్సు టిక్కెట్లు ముందే అమ్మేశారు కదా.

మర్నాడు ఆదివారం, చర్చి నుంచి వచ్చాక అన్న కోటు విప్పకుండానే వంటింట్లో కూర్చున్నాడు. అమ్మ, నాన్న ముందుగదిలో ఉన్నారు.

"నెలీ, నువ్వు హాల్లోనే ఉన్నావు కదా," అన్నాడు. "నేను వేసేటప్పుడు ఐవర్ ఇంకా అరుస్తున్నాడా?"

"అవునన్నా," అన్నాను.

"నాకు వినబడలేదే. నిజంగా చెబుతున్నాను. గీత మీద నిలబడితే నాకేదీ వినబడదు. అందరూ దాన్నే మెచ్చుకుంటారు, నేనూ గొప్పే అనుకున్నాను. వాడు అక్కడ నేల మీద పడి అరుస్తున్నాడు, నాకు వినబడలేదు. అలాంటివాణ్ణి మనిషంటారా?"

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. వణకడం లేదు.

ఐవర్‌ని చూడ్డానికి వాడొక్కడే వెళ్ళలేనంటే నేనూ వెళ్ళాను. గ్వెన్ తలుపు తీసి పక్కకి జరిగింది. ఐవర్ మంచం మీద తలంతా కట్టు కట్టుకుని ఉన్నాడు. అన్న గొంతు వినగానే లేచి కూర్చున్నాడు.

"వచ్చావురా రౌడీ! పడిందట కదా?"

"పడింది."

"అంచుకి కూడా తగల్లేదటగా."

"తగల్లేదు."

"అయితే ఇంకేంటి ఆ మొహం? కన్ను పోయింది నాదా, నీదా?" అని నవ్వబోయి, కట్టు లాగి నొప్పెట్టి ఆగిపోయాడు. "కూర్చో. మీ అమ్మ సారా తెచ్చావా, లేదా?"

తెచ్చాం. కాసేపు కూర్చున్నాం. ఐవర్ ఒక్కడే మాట్లాడాడు. వచ్చేసేటప్పుడు గ్వెన్ గుమ్మం బయటిదాకా వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"బెన్, నీ మీద నాకు కోపం లేదు. కానీ నువ్వు వస్తే ఆయన నవ్వాలి. నువ్వెళ్ళాక గోడకేసి తిరిగి పడుకుంటాడు, రెండు రోజులు తిండి కూడా ముట్టడేమో. నవ్వించడానికి రాకు. ఇంక రాకు."

అన్న తల ఊపాడు.

ఆట మానేస్తానని నాన్నతో అన్నాడు. నాన్న వినలేదు. "మానేసి ఎక్కడికి పోతావు? గనిలోకా? నేను బతికుండగా?" అని దగ్గుతెర ఎత్తుకున్నాడు. ఆ దగ్గు ముందు ఎవరం మాట్లాడగలం? మరుసటి శరత్కాలం దాకా వాడు అక్కడా ఇక్కడా ఊళ్ళు తిరిగి ఆడాడు. ఇంక గురి తప్పుతుందని పందేలు కాశారట. తప్పలేదు. అలాగే వంగి, అలాగే ఊపి, అన్నీ వేశాడు. "తప్పినా బాగుండేదే నెలీ," అన్నాడొకసారి. "ఈ చేతులకి ఏమీ తెలియదు."

తర్వాత రూలు మారింది.

ఎవరిమీద ఫౌల్ చేస్తే వాడే ఫ్రీ త్రో వెయ్యాలని లీగువాళ్ళు నిర్ణయించారు. ఒకడు తింటే ఇంకొకడు వెయ్యడమేంటని కొందరు చాలాకాలంగా అంటున్నారట. న్యాయమైన రూలే. ఇంకో రెండేళ్ళ ముందు వచ్చుంటే ఇంకా న్యాయంగా ఉండేది. దాంతో అన్నని ముట్టుకునేవాడే లేడు. ఎదుటివాళ్ళు వాడి చుట్టూ చేతులు పైకెత్తి మర్యాదగా నిలబడేవాళ్ళు. వాడు బంతి పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక చూసేవాడు. నెత్తురు మరకలు పోయాయి. చొక్కా తెల్లగా ఇంటికి వచ్చేది. అది చూసి అమ్మ మొదటిసారి భయపడింది.

క్రిస్మస్ తర్వాత గాఫ్నీ వాడిని తన గదికి పిలిచాడు. ఆ మాటలు అన్న నాతో చెప్పినవి ఇవీ.

"నీ తప్పేం లేదు బెన్. ఆట మారిపోయింది."

"నేను పరుగు నేర్చుకుంటానండీ."

"ఇరవై మూడేళ్ళకి ఎవడు నేర్చుకుంటాడయ్యా? ఆ నార్త్‌గేట్ కుర్రాణ్ణి తీసుకున్నాను. వాడు పరిగెత్తుతాడు, వేస్తాడు, కొడతాడు కూడా."

"ఏ నార్త్‌గేట్ కుర్రాడు?"

గాఫ్నీ కిటికీకేసి తిరిగాడట. చెప్పక్కర్లేకపోయింది. ఐవర్‌ని తోసినవాడే.

ట్రాలీ బండెక్కి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాడు అన్న. ఏ జట్టుకీ అక్కర్లేదు. పట్టు మిల్లులో, మా చొక్కాల ఫ్యాక్టరీలో ఆడపిల్లల్నే తీసుకుంటారు, తక్కువకి వస్తారని. బూట్ల కొట్టువాడు "రౌడీనా? భలేవాడివయ్యా!" అని వీపు తట్టి పంపేశాడు. వసంతం రాకముందే ఒకనాడు తెల్లారి అన్న పాత బూట్లు కొట్టంలోంచి తీసి తుడవడం చూశాను. నాన్న కూడా చూశాడు. పొయ్యి పక్క కుర్చీలోంచి లేవడానికి ప్రయత్నించాడు. లేవలేకపోయాడు.

"నాన్నా, కొన్నాళ్ళే," అన్నాడు అన్న.

నాన్న ఆ రోజు నుంచి వాడితో మాట్లాడనే లేదు. పేపరు చదవమని నన్నూ అడగలేదు. సాయంత్రం వాడు నల్లటి మొహంతో గుమ్మంలోకి రాగానే కళ్ళు మూసుకునేవాడు. ఈస్టరు ముందు ఉపవాసాల్లో ఆయన పోయాడు. ఆఖరి రోజు అమ్మని దగ్గరికి పిలిచి, ఊపిరి కూడదీసుకుని చెప్పిన మాట ఒక్కటే: "వాణ్ణి బూట్లు బయట విప్పమను." బెనెదిక్తాస్ ఆ మంచం పక్కనే మోకాళ్ళ మీద ఉన్నాడు.

ఒంటికన్నువాణ్ణి గని లోపలికి పంపరు. ఐవర్‌కి రాళ్ళు ఏరే షెడ్డులో పని ఇచ్చారు, చిన్నపిల్లల పక్కన, పనికిరాని ముసలివాళ్ళ పక్కన. అంత మనిషి ఆ చిన్న బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చునేవాడు. షిఫ్టు దిగి వచ్చేటప్పుడు అన్న ఆ షెడ్డు ముందు నుంచే రావాలి. మొదట్లో ఐవర్ కేకేసేవాడు, "ఏరా రౌడీ, నువ్వూ వచ్చేశావా!" అని. పోనుపోను చెయ్యి మాత్రం ఎత్తేవాడు. తర్వాత బొగ్గు మీంచి తల ఎత్తేవాడు కాదు. గ్వెన్ రావద్దంది కాబట్టి అన్న ఆగేవాడు కాదు. ఆ మాట దాటి ఒక్కసారి ఆగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. మరుసటి ఏడు వాడు మనసు గట్టి చేసుకుని, అమ్మ సారా సీసా చంకలో పెట్టుకుని ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాడు. తలుపు తీసింది ఎవరో పోలిష్ ఆవిడ. ప్రాసర్ వాళ్ళు గ్వెన్ తమ్ముడి దగ్గరికి ఒహాయో వెళ్ళిపోయి నెల దాటిందట. అడ్రసు తెలియదంది. సీసా ఆవిడకే ఇచ్చేసి వచ్చాడు.

అప్పటికి నాకు లియోనాస్‌తో పెళ్ళయింది. అతనూ గనిలోనే. అమ్మకి తోడుగా మేం ఆ ఇంట్లోనే ఉన్నాం. అన్న పెళ్ళి మాట ఎత్తనిచ్చేవాడు కాదు. పని, తిండి, పడక. చర్చి కింది గదిలోకి మళ్ళీ రమ్మని ఫాదర్ సిమోనాస్ రెండుమూడు సార్లు పిలిచాడు, కుర్రాళ్ళకి నేర్పమని. "ఏం నేర్పను ఫాదర్? నిలబడడమా?" అన్నాడట.

గనిలో కప్పు వాడి మీద కూలింది ఒక గురువారం. మధ్యాహ్నం, గనిలో దెబ్బతిన్నవాళ్ళని ఇళ్ళకి చేర్చే కంపెనీ బండి వచ్చి మా ఇంటి ముందు ఆగింది. అది వీధిలోకి వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళందరం గుమ్మాల్లోకి వచ్చి, ఆ బండి మన ఇంటి ముందు ఆగకూడదని దణ్ణం పెట్టుకునేవాళ్ళం. అది ఆగాక, మిగతావాళ్ళు ఊపిరి వదలడం వినబడుతుంది. వాణ్ణి బల్లతో సహా వసారాలో పెట్టి, అమ్మ చేత వేలిముద్ర వేయించుకుని పోయారు. బతికే ఉన్నాడు. నడుం కింద ఏమీ తెలియడం లేదు.

ముందుగదిలో నాన్న పడుకున్న మంచం మీదే వేశాం. రెండు చలికాలాలు అలా ఉన్నాడు. అమ్మా నేనూ వంతులు వేసుకుని తిప్పి పడుకోబెట్టేవాళ్ళం. పుళ్ళు పడ్డాయి. చేతులు మాత్రం బాగానే ఉండేవి. దుప్పటి మీద పెట్టుకుని పడుకునేవాడు, వాటి వైపు చూడకుండా.

గాఫ్నీ ఒకసారి వచ్చాడు, బుట్టెడు నారింజలు తీసుకుని. ముసలివాడైపోయాడు. మంచం పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో తోచక, హాలు గురించి మొదలుపెట్టాడు.

"బోను తీసేశాం బెన్. ఇప్పుడు వల లేదు, ఏమీ లేదు. గీతలు గీశామంతే."

అన్న "ఎందుకు తీశారండీ?" అన్నాడు. దెబ్బలు తగులుతున్నాయని చెబుతాడనుకున్నాడేమో. ఒక మంచి మాట వినాలనుకున్నాడేమో.

గాఫ్నీ టోపీ తిప్పుతూ అమాయకంగా నిజమే చెప్పాడు. "చుట్టి కట్టినా తీగలు వేలాడుతున్నాయి. డ్యాన్సుకి వచ్చే ఆడవాళ్ళ గౌన్లు పట్టుకుని చిరుగుతున్నాయని ఒకటే గోల."

అన్న కళ్ళు కప్పు మీదే ఉన్నాయి. ఆయన వెళ్ళాక నారింజ ఒలిచి ఇవ్వబోతే వద్దన్నాడు. "లియోనాస్‌కి పెట్టు నెలీ. వాడి తిండి డబ్బాలో వేసి పంపు," అన్నాడు.

మార్చిలో పోయాడు. ఇంకా పూర్తిగా తెల్లారలేదు, గని సైరను మొదటి షిఫ్టు కూత అప్పుడే వేసింది. అమ్మ వాడి గడ్డం కింద గుడ్డ కట్టి, కళ్ళు మూసి, కాసేపు అలాగే వాడి తల మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఫాదర్‌కి కబురు పంపాలి, వడ్రంగికి చెప్పాలి అంటున్నాను నేను, ఏడుస్తూ. లియోనాస్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, బూట్లు చేత్తో పట్టుకుని, వెళ్ళాలో ఉండాలో తెలియక. ఆ వారం అప్పటికే ఒక పూట పోగొట్టుకున్నాడు. ఇంకోటి పోతే పేరు కొట్టేస్తారు.

అమ్మ వంటింట్లోకి నడిచింది. పొయ్యిలో బొగ్గు వేసి, రొట్టె కోసి, దానికి పందికొవ్వు రాసి అతని డబ్బాలో సర్దింది. మూత పెట్టి నా చేతికిచ్చింది.

"వెళ్ళనీ," అంది. "ఆలస్యమైతే మళ్ళీ లోపలికి రానివ్వరు."

నేను తీసుకెళ్ళి ఇచ్చాను.